సామాను జాబితా మీరే రాయండి

అమెరికాలో హోటలో, కిరాణా దుకాణమో, డేకేర్ సెంటరో పెట్టుకున్న తెలుగువాళ్లకు ఆదాయపు పన్ను తెలుసు, సేల్స్ ట్యాక్స్ తెలుసు, పేరోల్ ట్యాక్స్ కూడా తెలుసు. వాటి గడువు దగ్గరపడుతుంటే పన్ను లెక్కలు చూసే సీపీఏకి తామే ఫోన్ చేస్తారు. సామాను మీద వేసే చరాస్తి పన్ను కాగితం కౌంటీ నుంచి వస్తే మాత్రం చాలామంది దాన్ని ప్రకటనల కవర్లతో కలిపి పక్కన పడేస్తారు. మన ఊళ్లలో ఇలాంటి పన్ను లేకపోవడం అందుకు ఒక కారణం. హైదరాబాద్‌లో గానీ విజయవాడలో గానీ మున్సిపాలిటీ వేసే ఆస్తి పన్ను స్థలానికీ కట్టడానికీ సంబంధించింది. లోపలున్న గ్రైండర్ జోలికి, కుర్చీల జోలికి అది రాదు. నగలు, కార్లు లెక్కలోకి వచ్చే సంపద పన్ను కేంద్రానికి ఒకటి ఉండేది, దాన్ని కూడా 2015 బడ్జెట్‌లో తీసేశారు. అందుకే టెక్సస్‌లో అద్దె గదిలో టిఫిన్ సెంటర్ పెట్టినవాళ్లకు, భవనం మనది కానప్పుడు మనకు ప్రాపర్టీ ట్యాక్స్ ఏమిటి అనిపిస్తుంది. భవనం ఇంకొకరిదే, ఆ పన్ను వాళ్లే కడతారు. లోపలి సామాను మీది. దానికి పన్ను విడిగా ఉంది, దాని లెక్క విడిగా నడుస్తుంది.

ఆ లెక్క నడిచే తీరులోనే అసలు విషయం ఉంది. జీతం ఎంత వచ్చిందో ప్రభుత్వానికి చెప్పడానికి డబ్ల్యూ-2 ఉంది, కాంట్రాక్టు డబ్బుకు 1099 ఉంది, అమ్మకాలకు కార్డు మెషీన్ లెక్కలున్నాయి. మీరు చెప్పినా చెప్పకపోయినా మూడో మనిషి రాసిన కాగితం ఒకటి వాళ్ల దగ్గర ఉంటుంది. జనవరి 1న మీ వంటగదిలో ఏమేం ఉన్నాయో, వాటిలో ఏది పనిచేస్తోందో, ఏది ఎప్పుడు ఎంతకు కొన్నారో చెప్పే కాగితం మాత్రం ఎవరి దగ్గరా ఉండదు. అది మీకొక్కరికే తెలుసు. కాబట్టి చట్టం మొదటి మాట మిమ్మల్నే చెప్పమంటుంది. మీరు చెప్పకపోతే వాళ్లు ఊహించి చెబుతారు, ఆ ఊహ మీద బిల్లు వస్తుంది. ఈ అధ్యాయంలో నేను వాదించేది ఇదొక్కటే: ఈ పన్నులో మీకు నష్టం తెచ్చేది ఎక్కువగా పన్ను రేటు కాదు, మీ దగ్గర జాబితా లేకపోవడం. రేటును మీరు మార్చలేరు, జాబితాను రాయగలరు.

టెక్సస్‌ను తీసుకుందాం. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ చుట్టుపక్కల మనవాళ్ల వ్యాపారాలు చాలా ఉన్నాయి. అక్కడ ఆదాయం కోసం వాడే ప్రతి వస్తువూ, అమ్మకానికి పెట్టిన సరుకుతో సహా, ఈ పన్ను పరిధిలోకి వస్తుంది. జనవరి 1న ఎవరి చేతిలో ఉంటే ఆ ఏడాది మొత్తం పన్ను వాళ్లదే. ఫిబ్రవరిలో దుకాణం మూసేసినా బాధ్యత పోదు. సామాను వివరాలు రాసిచ్చే ఫారాన్ని రెండిషన్ అంటారు. దాన్ని ఏప్రిల్ 15లోగా ఆస్తులకు విలువ కట్టే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కు ఇవ్వాలి, రాతపూర్వకంగా అడిగితే మే 15 వరకు గడువు పొడిగిస్తారు. ఇవ్వవలసినవాళ్లు ఇవ్వకపోతే కట్టాల్సిన పన్నులో 10 శాతం జరిమానా, కావాలని తప్పుడు లెక్క ఇచ్చారని తేలితే 50 శాతం. జరిమానా కంటే పెద్ద దెబ్బ ఇంకోటుంది. మీ కాగితం రాకపోతే అప్రైజర్ మీ గది ఎన్ని చదరపు అడుగులో, అది ఏ రకం వ్యాపారమో చూసి, అలాంటి వ్యాపారాల్లో మామూలుగా ఎంత సామాను ఉంటుందో దాన్ని మీకు అంటగడతారు. మీరు మూతపడిన హోటల్‌లోని పాత కుర్చీలు, పాత పొయ్యి కొని మొదలుపెట్టారని ఆ లెక్కకు తెలియదు. ఈ పన్ను ఉన్న మిగతా రాష్ట్రాల తేదీలు, అంకెలు వేరు కానీ తీరు ఒకటే. కనెక్టికట్‌లో అక్టోబర్ 1 నాటి సామాను వివరాలు నవంబర్ 1లోగా ఇవ్వాలి, ఇవ్వకపోతే 25 శాతం అదనం. కాలిఫోర్నియాలో అమ్మే సరుకు మీద పన్ను లేదు గానీ, 1,00,000 డాలర్లు, అంతకు మించి ఖర్చుపెట్టి కొన్న సామాను ఉన్నవాళ్లు ఏటా లెక్క ఇవ్వాలి. మే 7 దాటితే 10 శాతం జరిమానా.

జాబితా అంటే పేర్లు వరసగా రాయడం ఒక్కటే కాదు. ఒక దక్షిణాది హోటల్ వంటగదిలోకి వెళ్లి చూస్తే ఇది అర్థమవుతుంది. పిండి రుబ్బే టిల్టింగ్ గ్రైండర్, పెద్ద దోశ పెనం, తందూరు, డీప్ ఫ్రయ్యర్, స్టీలు బల్లలు, మూడు గదుల సింకు, వాకిన్ కూలర్, పైన ఎగ్జాస్ట్ హుడ్, బయట హాల్లో కుర్చీలు, బిల్లింగ్ మెషీన్. వీటిలో ప్రతిదానికీ నాలుగు ప్రశ్నలున్నాయి: ఎప్పుడు కొన్నారు, ఎంతకు కొన్నారు, ఇప్పుడు ఇక్కడే ఉందా, అసలు అది మీదేనా. చివరి రెండింటి దగ్గరే డబ్బు కారిపోతుంది. మోటారు కాలిపోయి ఐదేళ్ల కిందటే చెత్తలో పడేసిన గ్రైండర్ సీపీఏ తరుగుదల పట్టికలో ఇంకా ఉంటుంది. ఆ పట్టికనే కౌంటీ ఫారంలోకి ఎక్కించేస్తారు కాబట్టి లేని గ్రైండర్‌కు ఏటా పన్ను పడుతూనే ఉంటుంది. పైకప్పుకు బిగించిన హుడ్‌నూ, గోడలో కలిసిపోయిన కూలర్‌నూ భవనంలో భాగంగా లెక్కించి, యజమాని స్థిరాస్తి పన్నులో ఇప్పటికే కలిపి ఉండవచ్చు. అదే వస్తువు మీ జాబితాలోకి కూడా ఎక్కితే ఒకే వస్తువు మీద రెండు పన్నులు పడతాయి. లీజు ఒప్పందంలో ఏ వస్తువు ఎవరిదని రాసుకున్నారో చూడకుండా ఈ ముడి విప్పలేరు. లీజుకు తెచ్చిన డిష్‌వాషర్, కూల్‌డ్రింక్ కంపెనీ పెట్టిన ఫ్రిజ్ మీవి కావు. ఫారంలో ఇతరుల సామాను రాయడానికి విడిగా చోటు ఉంటుంది, వాటిని అక్కడ రాయాలి. మీ కొనుగోళ్లలో కలిపేయకూడదు.

ఇక్కడే ఇంకో గందరగోళం ఉంది, చదువుకున్నవాళ్లు కూడా ఇందులో పడతారు. ఫెడరల్ పన్నులో సెక్షన్ 179 కింద పరికరం మొత్తం ఖరీదును కొన్న ఏడాదే ఖర్చుగా చూపించేయవచ్చు. పుస్తకాల్లో దాని విలువ సున్నా అవుతుంది. ఆ సున్నాను చూసి, విలువ లేని వస్తువును కౌంటీకి ఎందుకు చెప్పాలి అనుకుంటారు. కౌంటీకి ఆ సున్నాతో పని లేదు. జనవరి 1న ఆ వస్తువును బజారులో పెడితే ఎంత వస్తుందన్నదే వాళ్ల ప్రశ్న. దానికి వాళ్లు కొన్న ధర, కొన్న సంవత్సరం తీసుకుని తమ సొంత పట్టిక ప్రకారం తగ్గిస్తారు. వస్తువు వాడుకలో ఉన్నంత కాలం ఆ పట్టిక సాధారణంగా సున్నాకు దిగదు. కాబట్టి ఫెడరల్ పుస్తకంలో చచ్చిపోయిన వస్తువు కౌంటీ పుస్తకంలో బతికే ఉంటుంది. దీనికి రెండో వైపు కూడా ఉంది, అది మీకు మేలు చేసేది. టెక్సస్ ఫారంలో కొన్న ధరా సంవత్సరమూ రాయవచ్చు, లేదా ఇప్పటి బజారు విలువను మీరే నిజాయతీగా అంచనా వేసి రాయవచ్చు. మూతపడిన హోటళ్ల సామాను వేలంలో ఎంతకు పోతోందో చూసినవాళ్లకు, 20,000 డాలర్లకు కొత్తగా కొన్న పరికరం మూడేళ్లకు ఎంత తక్కువకు దిగిపోతుందో తెలుసు. అలాంటి వేలం ధరలను, పాత సామాను అమ్మేవాళ్ల కొటేషన్లను దాచి ఉంచుకుంటే మీ అంచనాకు బలం ఉంటుంది.

నడుస్తున్న వ్యాపారాన్ని కొనేటప్పుడు ఈ జాబితా విలువ ఇంకా పెరుగుతుంది. ఉదాహరణకు ఒక హోటల్‌ను 3,00,000 డాలర్లకు కొన్నారనుకుందాం. అందులో సామాను 90,000కే వస్తుందని, మిగతాదంతా పేరుకూ వచ్చే ఖాతాదారులకూ ఇచ్చిన గుడ్‌విల్ అని అనుకుందాం. టెక్సస్‌లో గుడ్‌విల్ లాంటి కంటికి కనబడని ఆస్తి మీద ఈ పన్ను లేదు. ఒప్పందంలో విడమరచి రాయకుండా హోటల్, సామాను కలిపి 3,00,000 అని ఒక్క ముక్కలో రాసుకుంటే ఆ మొత్తం సామాను ఖాతాలోకి పోయే ప్రమాదం ఉంది. అక్కడ ఇప్పుడున్న 1,25,000 డాలర్ల మినహాయింపు తీసేసినా 1,75,000 మీద పన్ను పడుతుంది. కౌంటీ, సిటీ, స్కూల్ డిస్ట్రిక్ట్ కలిపి వందకు రెండు డాలర్ల చొప్పున లెక్కిస్తే అది ఏడాదికి 3,500. విడదీసి రాసుకున్నవాళ్లకు అదే వ్యాపారం మీద కట్టాల్సింది సున్నా. అలాగని గుడ్‌విల్‌ను ఇష్టమొచ్చినంత పెంచి రాయడం కుదరదు. కొన్నవాళ్లూ అమ్మినవాళ్లూ ఫెడరల్ ప్రభుత్వానికిచ్చే 8594 ఫారంలో ఇదే విభజన చూపించాలి. పైగా గుడ్‌విల్ ఖర్చు 15 ఏళ్ల మీద నెమ్మదిగా తీరుతుంది, సామాను ఖర్చు వెంటనే తీరుతుంది. కొనేవాళ్లకు సామాను వైపే ఎక్కువ చూపించాలనిపించడానికి కారణం ఇదే. ఆ నిర్ణయం తీసుకునే ముందు ఏటా వచ్చే కౌంటీ బిల్లును కూడా లెక్కలో పెట్టమని మీ సీపీఏను అడగండి. ఇంకొక్క మాట: పాత యజమాని బాకీ పెట్టిన ఈ పన్ను కొన్నవాళ్ల నెత్తిన పడవచ్చు. టెక్సస్ చట్టం ప్రకారం బాకీ లేదని ట్యాక్స్ సర్టిఫికెట్ చూపించేదాకా ఆ మేరకు డబ్బు ఆపి ఉంచుకోవాల్సింది కొనేవాళ్లే.

ఇంత శ్రమ ఎందుకు, మినహాయింపే 1,25,000 అయినప్పుడు చిన్న వ్యాపారాలకు గొడవే లేదు కదా అని అడగవచ్చు. నిజానికి ఇది పెద్ద ఊరట. 2025 దాకా టెక్సస్‌లో 2,500 డాలర్ల లోపు సామానుకే మినహాయింపు ఉండేది. 2025 నవంబర్‌లో ఓటర్లు ఒప్పుకున్న రాజ్యాంగ సవరణతో అది 2026 నుంచి 1,25,000 అయింది. జార్జియాలో 2024 నవంబర్ ఓటింగ్‌తో 7,500 నుంచి 20,000కు పెరిగింది. ఫ్లోరిడాలో 25,000. కానీ మీరు ఆ గీతకు ఇవతల ఉన్నారా, అవతల ఉన్నారా అన్నది విలువను బట్టి తేలుతుంది. ఆ విలువ కట్టింది ఎవరు? మీ జాబితా 70,000 అంటుంటే, చదరపు అడుగుల ఊహ 1,60,000 అనవచ్చు. గీత ఎంత పైకి జరిగినా ఏ వైపు ఉన్నామో నిరూపించే పని మిగిలే ఉంటుంది. ఫ్లోరిడాలోనైతే గడువులోగా, అంటే ఏప్రిల్ 1లోగా, మొదటి లెక్క ఇస్తేనే ఆ 25,000 మినహాయింపు దక్కుతుంది. కాగితం ఇవ్వనివాళ్లకు మినహాయింపూ లేదు. ఇక నగల దుకాణం, పెద్ద కిరాణా, చీరల షాపు నడిపేవాళ్లకు టెక్సస్ గీత కూడా ఆనదు. జనవరి 1 నాటి సరుకే దాన్ని దాటిపోతుంది. సంక్రాంతికి తెప్పించిన సరుకు ఆ రోజున అల్మారాల్లో నిండుగా ఉంటుందన్నది గుర్తు పెట్టుకోవాల్సిన విషయం.

మనం చెప్పకపోతే వాళ్లకెలా తెలుస్తుంది అనేది చాలామంది మనసులో ఉండే మాట, పైకి అనకపోయినా. దీనికి దాపరికం లేకుండా జవాబు చెప్పాలి. సేల్స్ ట్యాక్స్ పర్మిట్ తీసుకున్న రోజే మీ వ్యాపారం పేరు, చిరునామా ప్రభుత్వ రికార్డులోకి ఎక్కాయి. మీకు పరికరాలు అద్దెకిచ్చిన లీజింగ్ కంపెనీ తన సామాను మీ చిరునామాలో ఉందని తన ఫారంలో రాస్తుంది. అప్రైజర్లు వీధుల్లో తిరిగి కొత్త బోర్డులు చూస్తారు. కాబట్టి వ్యాపారం ఉందని తెలియకుండా పోదు. తెలియనిది లోపల ఏముందన్నదే, అది తెలియకపోవడం మీకు అనుకూలం కాదని పైన చూశాం. రహస్యాలు బయటపడతాయన్న భయం కూడా అక్కర్లేదు. టెక్సస్ చట్టం రెండిషన్ వివరాలను గోప్యంగా ఉంచుతుంది, పక్క దుకాణంవాళ్లు వెళ్లి అడిగినా చూపించరు. వీటన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఇది: ఆ డబ్బులో పెద్ద వాటా మీ పిల్లలు చదివే బడికి పోతుంది. దాచి తప్పించుకోవడం తప్పు. ఎంత కట్టాలో అంతే కట్టడం మీ హక్కు.

అసలు పనిముట్టు మీద పన్నే అన్యాయం, దాన్ని ఎదిరించాలి గానీ దానికి జాబితాలు రాయడమేమిటి అనే వాదన ఒకటుంది. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. లాభం వచ్చినా రాకపోయినా కట్టాల్సిన పన్ను ఇది, కొత్త మెషీన్ కొన్నవాళ్ల మీద ఎక్కువ భారం పడుతుంది. మన చరిత్రలోనూ ఇలాంటిది ఉంది. కుంఫిణీ పాలనలో మొహతర్ఫా పేరుతో నేతగాళ్ల మగ్గాల మీద, వడ్రంగుల, కమ్మరుల పనిముట్ల మీద పన్ను వసూలు చేసేవారు. తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు చెట్టి ముందు నిలిచి నడిపిన మద్రాస్ నేటివ్ అసోసియేషన్ 1852లో బ్రిటిష్ పార్లమెంటుకు పంపిన వినతిపత్రంలో ఆ పన్ను మీద గట్టిగా ఫిర్యాదు చేసింది. కొద్ది కాలానికి అది రద్దయింది. అమెరికాలోనూ ఒహాయో 2005 చట్టంతో ఈ పన్నును దశలవారీగా ఎత్తేసింది, ఇల్లినాయ్ అంతకు చాలా ముందే తీసేసింది, విస్కాన్సిన్ 2024 నుంచి తీసేసింది. న్యూయార్క్, పెన్సిల్వేనియాల్లో ఇది లేదు. కాబట్టి మార్చమని అడగడం వృథా కాదు. మీ శాసనసభ్యులకు ఉత్తరం రాయండి, వాణిజ్య సంఘం సమావేశాల్లో మాట్లాడండి. అయితే చట్టం మారేదాకా నోటీసులు ఆగవు. ఫారం ఇవ్వకపోవడం నిరసన కిందికి రాదు, 10 శాతం జరిమానా కిందికి వస్తుంది.

ఇంటి సామాను సంగతి కొంత తేలిక. సొంతానికి వాడుకునే మంచాలు, టీవీలు, వంటపాత్రలు, ఒంటి మీద బంగారం వీటికి చాలా రాష్ట్రాల్లో ఈ పన్ను లేదు. కానీ అదే మంచాన్ని ఒర్లాండోలో రోజువారీ అద్దెకిచ్చే ఇంట్లో వేస్తే అది వ్యాపార సామాను అవుతుంది, ఫ్లోరిడాలో దానికి లెక్క ఇవ్వాలి. ఇక కారు. టెక్సస్‌లో సొంత వాడకం కార్లకు ఈ పన్ను లేదు. ఒకే కారును ఇంటికీ వ్యాపారానికీ వాడుకుంటుంటే, దరఖాస్తు చేసుకుంటే దానికీ మినహాయింపు ఉంది. వర్జీనియా కథ వేరు. ఫెయిర్‌ఫాక్స్, లౌడన్ కౌంటీలకు మారిన కుటుంబాలకు మొదటి కారు పన్ను బిల్లు చూసినప్పుడు గుండె ఝల్లుమంటుంది. 1997లో జిమ్ గిల్మోర్ ఈ పన్ను తీసేస్తానన్న నినాదంతోనే గవర్నర్‌గా గెలిచారు. పూర్తిగా పోలేదు గానీ, సొంత వాడకం కార్లకు మొదటి 20,000 డాలర్ల విలువ మీద పన్నులో కొంత భాగం రాష్ట్రం భరిస్తోంది. సగానికి మించి వ్యాపారానికి నడిపే కారుకు ఆ రాయితీ వర్తించదు. ఇక్కడ కూడా గెలిపించేది రికార్డే. కౌంటీ కారు మోడల్‌ను బట్టి ధరల పుస్తకంలోంచి విలువ తీస్తుంది, మీ కారు ఎన్ని మైళ్లు తిరిగిందో దానికి తెలియదు. లక్షన్నర మైళ్లు దాటిన కారుకు సర్వీసు రసీదు చూపించి విలువ తగ్గించమని అడగవచ్చు. కారు అమ్మినా, వేరే రాష్ట్రానికి మారినా కౌంటీకి తేదీతో సహా తెలియజేసి ఆ రుజువు దాచుకోవాలి.

ఇవన్నీ మా సీపీఏ చూసుకుంటారు అనే ధీమా ఒక్కటే మిగిలింది. సీపీఏలు మీరిచ్చిన అంకెలతో ఫారం నింపగలరు, మీ వంటగదిలోకి వచ్చి ఏ మెషీన్ పోయిందో చూడరు. ఆ పని మీది, ఏడాదికి ఒక పూట చాలు. డిసెంబర్ 31 సాయంత్రం దుకాణం మూసే ముందు ఫోన్‌తో గదులన్నీ వీడియో తీయండి. పాత జాబితా చేతిలో పట్టుకుని లేనివి కొట్టేయండి, కొత్తవి రసీదుతో సహా చేర్చండి. పారేసిన వస్తువుకు తేదీ, పాడైన మెషీన్‌కు ఫొటో ఉండాలి. సరుకు లెక్క అదే రాత్రి తీసి పెట్టుకోండి. ఆ కాగితాలు ఫిబ్రవరికల్లా మీ సీపీఏకి చేరాలి. ఆ ఏడాది మీ కౌంటీ ఏ ఫారం అడుగుతోందో, మీరు ఇవ్వాల్సిన అవసరం ఉందో లేదో అప్పుడే తేల్చుకోండి. తర్వాత కౌంటీ నుంచి విలువ నోటీసు వస్తే తెరిచి మీ జాబితాతో పోల్చండి. తేడా ఉంటే టెక్సస్‌లో మే 15 లేదా నోటీసు పంపాక 30 రోజులు, ఏది ఆలస్యమైతే అప్పటిదాకా అభ్యంతరం పెట్టవచ్చు. లాయరు అక్కర్లేదు, మీరే వెళ్లి మీ కాగితాలు చూపించవచ్చు. గడువు దాటాక అవే కాగితాలకు విలువ చాలావరకు పోతుంది. అందుకని ముందు మీ కౌంటీ వెబ్‌సైట్ తెరిచి, మీకు వర్తించే గడువు తేదీని ఈరోజే రాసి పెట్టుకోండి.